మొదటి విస్తరి

కోటకు పోయే బాటలో పేరమ్మ పూటకూళ్ల ఇంటి ఉలవచారు రుచి చూడకుండా ఏ బాటసారీ ముందుకు కదిలేవాడు కాదు. అక్కడ బంతిలో మొదటి విస్తరి మాత్రం రోజూ ఖాళీగానే ఉండేది. పన్నెండేళ్ల కిందట చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన మొగుడి కోసం పేరమ్మ వేసే విస్తరి అది.

ఒక మధ్యాహ్నం దండనాయకుడు వచ్చి సరిగ్గా దాని ముందే కూర్చున్నాడు.

"అది మా ఆయనది దొరా," అంది పేరమ్మ.

"నేనుండగా మొదటి విస్తరి ఇంకొకడిదా? వడ్డించు! లేదంటే రేపటికి ఈ ఇల్లుండదు."

పేరమ్మ కొంగు నడుముకు దోపింది. "వచ్చావా మహానుభావా! ఇన్నాళ్లూ ఏ ఊళ్లు పట్టుకు తిరిగావు? నన్నొక్కదాన్నీ పొయ్యి ముందు వదిలేసి పోవడానికి నీకు మనసెలా ఒప్పింది? సిగ్గులేదూ?"

తినేవాళ్లంతా చేతులాపి చూశారు. దండనాయకుడు ముఖం కందగడ్డలా చేసుకుని, "నన్నే తిడతావా?" అని అరిచాడు.

"ఆ విస్తరి ముందు కూర్చున్నవాడికి మొదటి వడ్డన ఇదే దొరా. ఇంకా ఒక్క ఏడాది తిట్లే అయ్యాయి. పన్నెండేళ్లవీ అయ్యాక అన్నం."

దండనాయకుడు లేచి బంతి చివరికి పోయాడు.

అందరూ తిని వెళ్లాక పేరమ్మ ఆ ఖాళీ విస్తరి ఎదుట కూర్చుంది. మిగిలిన పదకొండేళ్లవీ తిట్టేద్దామని నోరు తెరిచింది.

"ముందు అన్నం తిను," అన్న మాటే వచ్చింది.