ఉప్పునీళ్ళ అమ్మ

...ఇంత సాగదీస్తున్నందుకు ఏమనుకోకండి, అసలు సంగతికే వస్తున్నా. ఆ గవర్రాజు ఇంట్లోవాళ్ళకి తమ తెలివంటే ఎంత గర్వమో. ఎండ తగిలితే తెలివి ఆవిరైపోతుందని ఇంట్లో కూడా గొడుగేసుకునే తిరిగేవాళ్ళు.

వాళ్ళింటి పక్కనుంచే పెద్ద కరెంటు లైను పోతుంది. తీగల చుట్టూ కంటికి కనపడని శక్తేదో ఉంటుందట, అది తల్లి నూకాలమ్మని ఏం చేస్తుందోనని గవర్రాజుకి ఒకటే బెంగ. ఇల్లు మారదామంటే ఆవిడ కదలదు. "వీధంతా కనపడే ఈ కిటికీ అక్కడెవడిస్తాడ్రా" అంటుంది.

ఇంతలో ఒక మేడం ఆ శక్తి ఎంతుందో చూసే మిషను పట్టుకుని కొలతలకొచ్చింది. "మనుషుల మీద పరీక్షలు పెట్టమండీ. కంప్యూటర్లో మనిషి బొమ్మ చేసి చూస్తాం. ఒంట్లో ఎక్కువగా ఉండేది ఉప్పునీళ్ళే కదా, బొమ్మనీ అలాగే లెక్కేస్తాం. బొమ్మకి ఏమైతే మనిషికీ అదే. వచ్చే వారం చెప్తాను" అని వెళ్ళింది.

"వారం దాకా ఎందుకన్నయ్యా? మనింట్లో ఉప్పు లేదా, నీళ్ళు లేవా?" అన్నాడు తమ్ముడు పైడిరాజు.

ఇంకేముంది, ప్లాస్టిక్ సంచుల్లో ఉప్పునీళ్ళు పోసి, అమ్మ చీర చుట్టి, అమ్మ కళ్ళజోడు పెట్టి, లైను కింద కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక్కడ ఇంట్లో నూకాలమ్మ గోడ తడుముకుంటూ నడుస్తోంది.

"చూశావా, అప్పుడే చూపు పోయింది" అన్నాడు గవర్రాజు.

అంతలో మేక వచ్చి బొమ్మ పాదాలు నాకింది. గవర్రాజు లోపలికి పరుగెత్తాడు. "అమ్మా, అరికాళ్ళల్లో చక్కిలిగిలి పుడుతోందా?"

"నువ్వడిగాక పుడుతున్నట్టే ఉందిరా."

మేక ఊరుకుంటుందా, సంచి కొరికింది. కాల్లో నీళ్ళన్నీ కారిపోయాయి. అంతే, నూకాలమ్మ కాలికి కట్టు కట్టి మంచమెక్కించారు. ఆవిడ మజ్జిగ కోసం లేచి వంటింట్లోకి నడిస్తే, "కాలు లేకుండా నడుస్తావేంటమ్మా, పడిపోతావు" అని గవర్రాజు ఏడుపు.

వారానికి మేడం వచ్చింది. "ఇక్కడ కొలత చాలా తక్కువండీ. మా బొమ్మకేం కాలేదు, భయం లేదు."

"మీ బొమ్మని ఎక్కడుంచారు మేడం?"

"అది కంప్యూటర్లోనే ఉంటుందండీ. మా ఆఫీసులో, ఏసీ గదిలో."

గవర్రాజు తొడ మీద చరుచుకున్నాడు. "అదిరా కిటుకు. మనం ఎండలో కూర్చోబెట్టి అమ్మని పాడుచేశాం."

అంతే, ఊరవతల ఏసీ ఉన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారు. కాలికి కొత్త సంచి కట్టి, బొమ్మని ఆటోలో దిండు వేసి పడుకోబెట్టి, అన్నదమ్ములిద్దరూ చెరోపక్క పట్టుకుని బయల్దేరారు. నూకాలమ్మ మాత్రం లైను పక్కనే, తన కిటికీలోంచి చూస్తోంది.

"ఒరే, ఏసీ తగ్గించి పెట్టండి. దానికి జలుబు చేస్తే ఇక్కడ తుమ్మేది నేను."

"ఇకనుంచి నీకేం భయం లేదమ్మా, నిన్ను మాతోనే తీసుకెళ్తున్నాంగా" అని గవర్రాజు కళ్ళు తుడుచుకుని, బొమ్మకి దుప్పటి కప్పి... ఆఁ, వస్తున్నానే, కుక్కరు కట్టెయ్, ఎన్ని కూతలు—