సోమక్క మేడిబెరడు వైద్యం

జాజివాగు గూడెంలో సోమక్క అనే నాటువైద్యురాలు ఉండేది. చేతిలో మంచి విద్య ఉన్నా, "నాకు తెలియదు" అని చెప్పడం మాత్రం ఆమెకు చేతనయ్యేది కాదు.

కడుపులో పుండు పడినవాళ్లకు ఆమె మేడిబెరడు కషాయం ఇచ్చేది. చెట్టుకు ఒకే పక్కన, అరచేయంత మేర మాత్రమే బెరడు తీసేది. ఆ గాయం మీద బంకమట్టి మెత్తేది. "చెట్టు బతికితేనే మన వైద్యం బతుకుతుంది" అనేది. కషాయాన్ని బాగా మరగకాచి పరగడుపున తాగించేది. కారం, పులుపు మాన్పించి, వేళకు రాగిజావ తాగమనేది. కడుపుమంటతో వంగిపోయి వచ్చినవాళ్లు చాలామంది నిటారుగా నడిచి వెళ్లేవారు. "మా సోమక్క ఉండగా మాకేం భయం!" అని గూడెంవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు.

ఒకసారి కొండ అవతల నుంచి లచ్చిరెడ్డి అనే అతన్ని డోలీలో మోసుకొచ్చారు. మనిషి తెల్లగా పాలిపోయి ఉన్నాడు.

"మూడు రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోందక్కా. తగ్గుతుందా?" అని అడిగింది అతని భార్య బుల్లెమ్మ.

అలాంటి రోగిని సోమక్క ఎన్నడూ చూడలేదు. కానీ గూడెమంతా చుట్టూ చేరి ఆమె నోటివంకే చూస్తోంది.

"నా కషాయానికి లొంగని కడుపుజబ్బు ఉందా?" అనేసింది.

రెండు రోజులు కషాయం పట్టింది. మూడోనాటి ఉదయం లచ్చిరెడ్డి నెత్తురు కక్కుకున్నాడు.

"ఇంకొంచెం చిక్కగా కాచి ఇవ్వు సోమక్కా. నీ చెయ్యి తప్పదు" అన్నాడు గూడెం పెద్ద గంగిరెడ్డి.

సోమక్క పొయ్యి మీది కుండ దించేసింది. అందరి ముందూ తలెత్తి, "లేదు పెద్దాయనా. ఈ జబ్బు నాకు తెలియదు. వచ్చిననాడే తెలియదు. డోలీ ఎత్తండి, ఆసుపత్రికి పోదాం!" అంది.

కొండ దిగి రోడ్డు చేరడానికి మూడు గంటలు పట్టింది. మోసేవాళ్లు అలసిపోయిన చోట సోమక్క తానే భుజం పట్టింది. ఆసుపత్రిలో లచ్చిరెడ్డికి రక్తం ఎక్కించారు. లోపలి పుండు నుంచి కారుతున్న నెత్తురును ఆపారు. సాయంత్రానికి అతను కళ్లు తెరిచాడు.

"ఇంకాస్త ఆలస్యమైతే బతికేవాడు కాదు. ఇక్కడికి ఎవరు తీసుకురమ్మన్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనేనమ్మా. రెండు రోజులు ఆలస్యం చేసిందీ నేనే" అంది సోమక్క.

"తప్పు జరిగిందని ఇంత సూటిగా చెప్పేవాళ్లు మాలోనే తక్కువమ్మా" అంటూ డాక్టరమ్మ కుర్చీ జరిపి, కూర్చోమంది. నెత్తురు పడితే, మలం నల్లబడితే క్షణం ఆగకుండా పంపించమని చెప్పింది. సోమక్క శ్రద్ధగా విన్నది.

ఇక తన దగ్గరికి ఎవరూ రారనుకుంటూ సోమక్క కొండెక్కింది. కానీ మర్నాటికే ఆమె గుమ్మంలో ఆరుగురు కూర్చుని ఉన్నారు. "మా సోమక్క తెలియనిది తెలియదంటుంది. అందుకే తెలుసునంటే కళ్లు మూసుకుని తాగొచ్చు" అని గంగిరెడ్డి వాళ్లకు ఛాతీ విరుచుకుని చెబుతున్నాడు.

నీతి: తెలిసిన విద్యను చూసి గర్వపడటం తప్పు కాదు, తెలియనిచోట తెలియదని ఒప్పుకున్నవారికే ఆ గర్వం శోభనిస్తుంది.