పలక ఒప్పుకోని గిట్ట

గుండ్లవాగు అడవిలో పళ్లూడినవాళ్లకీ, కాళ్లు లాగేవాళ్లకీ ఒక ఏర్పాటు ఉండేది. దాన్ని పెద్దల వాటా అనేవాళ్లు. వయసులో ఉన్న జంతువులు తాము తవ్వుకున్న దుంపల్లో, ఏరుకున్న కాయల్లో, కోసుకున్న లేత గడ్డిలో కొంత తెచ్చి సింహం దొర గుహ పక్కనున్న కొట్టులో వేసేవి. వారానికోసారి ముసలివాళ్లు వచ్చి ఎవరి వంతు వాళ్లు తీసుకెళ్లేవాళ్లు. "ఇవాళ వాళ్లు, రేపు మనం" అనుకుని అడవిపందులు కూడా సణగకుండా దుంపలు తెచ్చి పోసేవి.

దొర ఈ ఏర్పాటు చేసింది మంచి మనసుతోనే. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా! ఇక్కడ పూజారి, కొట్టు చూసుకునే జంబయ్య అనే నక్క.

కొట్టు తాళం లాంటిది ఒకటి కనిపెట్టాడు జంబయ్య. పేరు ఎక్కించుకున్న రోజున ప్రతి ముసలి జంతువూ తడి బంకమట్టి పలక మీద ఒక అడుగు వేయాలి. ఆ పలకను ఎండబెట్టి దాస్తాడు. వాటా తీసుకునే రోజున వాకిట్లోని తడిమట్టిలో మళ్లీ అడుగు వేయాలి. పాత గుర్తూ కొత్త గుర్తూ సరిపోతేనే వాటా. "లేకపోతే ఒకరి పేరు చెప్పి ఇంకొకరు పట్టుకుపోతారు దొరా" అన్నాడు. దొరకు సబబే అనిపించింది.

గౌరన్న అనే ముసలి ఎద్దు పలక వేసి రెండేళ్లయింది. ఆ తర్వాతే వాగుకు అడ్డకట్ట కట్టారు. రాళ్లు లాగడానికి గౌరన్న ముందుకొస్తే, "ఈ వయసులో నీకెందుకయ్యా?" అన్నారు అందరూ. "నీళ్లు నేను తాగనా ఏంటి?" అని నెలల తరబడి లాగాడు. కట్ట నిలిచింది. గౌరన్న గిట్టలు మాత్రం చెరిగిపోయిన బొమ్మల్లా అరిగిపోయాయి.

వేసవి ముదిరిన ఒక వాటా రోజున గౌరన్న తడిమట్టిలో కాలు పెట్టి తీశాడు. జంబయ్య వంగి చూశాడు, పలక తెచ్చి పక్కన పెట్టాడు, నాలుక చప్పరించాడు.

"సరిపోవట్లేదు పెద్దాయనా."

"అరిగింది బాబూ. రాళ్లు లాగాను కదా."

"అది నాకు తెలుసు. పలకకు తెలియాలి కదా! వచ్చే వారం రా."

వచ్చే వారం వచ్చాడు. మళ్లీ అదే మాట. ఆ పై వారం జంబయ్య అసలు మట్టి వైపే చూడలేదు.

"నువ్వు లేవు" అన్నాడు.

"లేకపోవడమేంటి? ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాను!"

"మాట్లాడుతున్నావు, కాదనను. కానీ మూడుసార్లు గుర్తు కలవకపోతే ఆ పేరుగలవాడు పోయినట్టే. నీ పలక పోయినవాళ్ల వరసలో పెట్టేశాను. జరుగు, వెనక వాళ్లున్నారు."

"అయితే దొరనే అడుగుతా."

"పోయినవాళ్లకు దొర దర్శనం ఉండదు పెద్దాయనా" అన్నాడు జంబయ్య, ఎంతో మర్యాదగా.

ఆ రోజు నుంచి గౌరన్నకు ఒకచోట కాలు నిలవలేదు. చింతచెట్టు నీడకు వెళ్లేవాడు, పడుకోబోయి లేచేవాడు. కట్ట దాకా నడిచేవాడు, అక్కడేం పనో గుర్తులేక తిరిగొచ్చేవాడు. ఎండుపుల్లలు నమిలి ఉమ్మేసేవాడు. దొర గుహ వైపు నాలుగడుగులు వేసి, కాపలా తోడేళ్లను చూసి వెనక్కి మళ్లేవాడు. కడుపులో ఆకలి కన్నా ఆ మాటే ఎక్కువ తిరుగుతోంది: నువ్వు లేవు.

"కాస్త కూర్చో అన్నా, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది చెట్టు మీంచి సుంకమ్మ. ఆమె ముసలి కొండముచ్చు. తోక సగమే మిగిలింది కానీ నోరు నిండుగానే ఉంది.

"కూర్చుంటే నిజంగా పోయానేమోనని భయంగా ఉంది సుంకమ్మా."

"నువ్వొక్కడివే అనుకుంటున్నావా? బోడెమ్మనూ తీసేశాడు."

బోడెమ్మ అంటే ముసలి మేక. కొమ్ములు లేవు, చూపు లేదు, ఒక గిట్ట చీలిపోయింది. ఇద్దరూ వెతుక్కుంటూ వెళ్లేసరికి కొట్టుకు వెళ్లే దారిలోనే పడి ఉంది.

"ఎవరది?" అంది బోడెమ్మ, తల ఎత్తకుండానే.

"నేను, గౌరన్నని."

"వాటా ఇస్తున్నారా అన్నా? ఈ వారమైనా నా గుర్తు కలుస్తుందేమో. కాలు శుభ్రంగా కడుక్కుని బయల్దేరాను."

సుంకమ్మ పరుగున వెళ్లి రెండు చిగుళ్లు కోసుకొచ్చి నోటికందించింది. బోడెమ్మ ఒకటి నమిలింది. రెండోది నోట్లోనే ఉండిపోయింది.

చాలాసేపు ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఈగలు ముసురుతుంటే గౌరన్న తోకతో తోలుతూనే ఉన్నాడు, ఆపలేక.

"నేను ఎక్కి చూసి వస్తా" అంది ఉన్నట్టుండి సుంకమ్మ.

"ఎక్కడికి?"

"కొట్టు వెనక బండ మీదికి. మనం తినని దుంపలు ఏమవుతున్నాయో చూడొద్దూ?"

సాయంత్రానికి తిరిగొచ్చింది. రొప్పుతోంది. "జంబయ్య మేనల్లుళ్లు ఇద్దరు. వెనక సందులోంచి దోసకాయలు దొర్లించుకుంటూ పోతున్నారు. వాళ్ల బొరియ ముందు దుంపలు గుట్ట పడి ఉన్నాయన్నా! పోయినవాళ్ల వాటా అంతా అక్కడే బతికుంది."

"పద, అడవంతా చాటుదాం."

"చాటితే? మేనల్లుళ్లు రాత్రికి రాత్రే మాయం చేస్తారు. ముసలిది చూపానక వాగుతోందంటాడు జంబయ్య. కాదన్నా. వాడి నోటితోనే వాడిని పట్టుకోవాలి."

మర్నాడు పొద్దున్నే సుంకమ్మ జంబయ్య వాకిట్లో దిగింది. చేతిలో రెండు మాగిన మామిడిపళ్లు.

"ఏం అత్తా, పొద్దున్నే?" అన్నాడు జంబయ్య, పళ్ల వైపే చూస్తూ.

"నీ మేలు కోరి వచ్చాను అల్లుడూ. ఇంత కష్టపడుతున్నావు, ఒక్కరైనా మెచ్చుకున్నారా? మంత్రి పదవి ఖాళీగా ఉంది. దొర చూపు నీ మీద పడాలంటే ఏదైనా ఘనంగా చెయ్యాలి."

జంబయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఏం చేస్తే బాగుంటుంది?"

"దొరకు మాత్రం వయసు రాలేదా? పెద్దల వాటాలో మొదటి వాటా దొరకే ఇవ్వు. అందరినీ పిలువు. దొర పట్టాభిషేకం రోజున వేసిన పలక నీ దగ్గర ఉంది కదా? దాని పక్కన దొర మళ్లీ అడుగు వేస్తాడు. 'చూడండి, మన జంబయ్య దగ్గర రాజుకైనా పేదకైనా ఒకటే న్యాయం' అని అడవంతా అంటుంది."

జంబయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. గుర్తు కలవకపోతేనో? కలిసిందంటే సరిపోయె. దొర అడుగును కాదనేవాడెవడు? అతను మామిడిపండు కొరికి, "మంచి మాట చెప్పావు అత్తా" అన్నాడు.

రెండు రోజుల్లో గుహ ముందు మైదానం నిండిపోయింది. ఎవరికీ స్థిమితం లేదు. జింకలు గిట్టలు రాస్తున్నాయి, పందులు ముట్టెలతో నేల పొడుస్తున్నాయి. గౌరన్న వెనక వరసలో నిలబడ్డాడు కానీ నిలబడినట్టు లేదు. కాలు మార్చి కాలు వేస్తున్నాడు. సుంకమ్మ తన ఉపాయం చెప్పింది కానీ, అది బెడిసికొడితే ఏమవుతుందో చెప్పలేదు.

దొర బయటికొచ్చాడు. జూలు పలచబడింది, నడకలో ఒక కాలు కొంచెం ఈడుస్తున్నాడు. జంబయ్య వంగి వంగి దండాలు పెట్టి పాత పలక అందరికీ కనబడేలా నిలబెట్టాడు. దొర తడిమట్టిలో పంజా వేసి తీశాడు.

"కలిసింది! అచ్చు గుద్దినట్టు కలిసింది!" అని అరిచాడు జంబయ్య.

"కలిసిందా?" అన్నాడు దొర. ఆయనే వంగి చూశాడు. పలక మీద నాలుగు గోళ్ల గుర్తులు. మట్టిలో రెండే ఉన్నాయి. "దున్నపోతుతో పోట్లాటలో నా గోళ్లు రెండు ఊడాయి. అరికాలు కూడా పాతబడింది. నాకే కలవలేదని తెలుస్తుంటే నీకెట్లా కలిసిందయ్యా?"

"అంటే... దొరవారి అడుగు కాబట్టి..."

"మిగతావాళ్లకు ఇట్లా కలవకపోతే ఏం చేస్తున్నావు?"

జంబయ్య నోరు తెరిచేలోపే వెనక వరస కదిలింది. కాపలా తోడేళ్లు అడ్డం రాబోయాయి. కానీ గౌరన్న ఆగలేదు, ఇన్నాళ్లూ దారి తెలియక తిరిగిన కాళ్లు ఇప్పుడు తిన్నగా వచ్చాయి.

"నేను చెప్తాను దొరా" అన్నాడు. "నేను గౌరన్నని. పోయి నెల దాటింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. దొర నవ్వలేదు.

"గుర్తు కలవకపోతే పోయినట్టేనన్నారు. పోయినవాళ్లకు మీ దర్శనం లేదన్నారు. అందుకే రాలేదు. ఇవాళ మీ గుర్తు కూడా కలవలేదు. ఒక పోయినవాడు ఇంకో పోయినవాడితో మాట్లాడొచ్చని వచ్చాను."

దొర మెల్లగా నక్క వైపు తిరిగాడు.

"చెప్పు జంబయ్యా. నేను ఉన్నానా, పోయానా?"

పోయారంటే తల పోతుంది. ఉన్నారంటే ఎద్దు కూడా ఉన్నట్టే. జంబయ్య చెట్టు వైపు చూశాడు. సుంకమ్మ కొమ్మ మీద కూర్చుని చూస్తోంది.

"ఉ... ఉన్నారు దొరా."

"అయితే గౌరన్నా ఉన్నాడు. మరి అతని వాటా ఎక్కడుంది?"

"బొరియ ముందు ఉంది దొరా!" అంది సుంకమ్మ. "కొట్టు వెనక సందు పట్టుకుని వెళ్తే చాలు."

అడవిపందులు వెళ్లాయి. తాము పోసిన దుంపల వాసన వాటికి వేరే చెప్పాలా? కాసేపట్లో గుట్టలు గుట్టలుగా తెచ్చి మైదానంలో పోశాయి. ఎండిపోయినవి కొన్ని, కుళ్లిపోయినవి ఎన్నో.

"ఇంకెవరిని పోయారన్నావు?" అని అడిగాడు దొర.

ఒక్కొక్కరే ముందుకొచ్చారు. ముళ్లు రాలిన ముళ్లపంది, కాలు వంకరపోయిన దుప్పి, ఇంకా నలుగురైదుగురు. అందరూ వచ్చాక దొర, "అంతేనా?" అన్నాడు.

"బోడెమ్మ ఉండేది" అన్నాడు గౌరన్న. "ఆమె విషయంలో మాత్రం జంబయ్య మాట నిజమైంది. కాకపోతే వాడు ముందే చెప్పాడు."

దొర తల దించుకున్నాడు. పలకలన్నీ తెప్పించి, తానే కాలితో తొక్కి పొడి చేశాడు. "ఎవరు ఉన్నారో చెప్పడానికి మట్టి ఎందుకు? పక్కింటివాళ్లు చెప్తారు. నడవలేనివాళ్లకు వాటా వాళ్ల చోటికే వెళ్తుంది. మోసేది జంబయ్య. వాడికి నడుం వంగేదాకా మోస్తాడు. కొట్టు సుంకమ్మ చూసుకుంటుంది."

తర్వాతి వారం గౌరన్న చింతచెట్టు కింద పడుకుని ఉండగా, జంబయ్య వీపు మీద గడ్డిమోపుతో ఆయాసపడుతూ వచ్చాడు. ఎక్కడ దించాలో తెలియక నిలబడ్డాడు.

"నేను ఉన్నాననే అనుకుంటున్నావా ఇవాళ?" అన్నాడు గౌరన్న.

"ఉన్నావు పెద్దాయనా."

"అయితే దించు. ఇంకో ఆరు చోట్లకు పోవాలి నువ్వు, పొద్దెక్కుతోంది."

జంబయ్య మోపు దించి, తల ఎత్తకుండా వెళ్లిపోయాడు.

ఆకలికి సాక్ష్యం అడిగేవాడు ఎదురైతే, ముందు వాడి కడుపు తడిమి చూడాలి.