పాలు మానిన పందిపిల్ల

"ఒకప్పుడు దొరికింది ఇప్పుడెందుకు దొరకడం లేదు అయ్యవారూ?" అని వకుళ అడిగిన రోజు చిదంబరయ్యగారు జవాబు చెప్పలేదు. ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు మొదటినుంచీ లేదు. అడిగినవాళ్లను ఒకసారి చూసి, ఏదో ఒక పని అప్పగించేవారు.

ఆయన సన్యాసి కాదు. పశువైద్య కళాశాలలో ముప్పై ఏళ్లు జీవరసాయన శాస్త్రం బోధించి, ఉద్యోగం అయిపోయాక ఆదోని శివార్లలో బండలు పరిచిన చిన్న ఇంట్లో ఉండేవారు. తెల్లవారేసరికి మేము ఏడెనిమిది మందిమి వెళ్లి ఆయన వరండాలో కూర్చునేవాళ్లం. కాసేపు మౌనంగా నామం చెప్పుకునేవాళ్లం. తర్వాత ఆయన నాలుగు మాటలు చెప్పేవారు. అంతే.

వకుళ ఆడపిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పేది. ముప్పై ఆరేళ్లు. మొదటి రెండేళ్లు ఆమె కళ్లు మూసుకుంటే చాలు, చెంపల మీద నీళ్లు కారిపోయేవి. లేచి వెళ్లేటప్పుడు ఆమె ముఖంలోని వెలుగు చూసి మాకు అసూయ కలిగేది. మూడో ఏడు ఆ నీళ్లు తగ్గాయి. నాలుగో ఏడు పూర్తిగా ఆగిపోయాయి. ఆమె ఇంకాస్త ముందు వచ్చేది, ఉపవాసాలు చేసేది, ఇంటి దగ్గర గొంతు బొంగురుపోయేదాకా నామం చెప్పేది. ఏమీ రాలేదు. ఆ రోజు ఈ ఒక్క మాట అడిగేసి, ఇక రావడం మానుకుందామని నిశ్చయించుకునే వచ్చిందట.

అప్పుడే గేటు దగ్గర సుంకులమ్మ నిలబడింది. పక్క వీధిలో పందుల్ని మేపుకునే మనిషి. చీర చెంగులో నాలుగు రోజుల పందిపిల్ల.

"తల్లి జ్వరమొచ్చి సచ్చిపోయింది సామీ. ఏడు పిల్లల్లో ఇదొక్కటే మిగిలింది. ఇది గూడ పోతే నాకు మంద లేదు."

మాలో ఇద్దరు ముగ్గురు పంచెలు సర్దుకుని వెనక్కి జరిగారు. చిదంబరయ్యగారు పిల్లను చేతుల్లోకి తీసుకుని, దవడ తెరిచి చూసి, వకుళ ఒడిలో పెట్టారు.

"దీన్ని బతికించు. తర్వాత మాట్లాడుకుందాం."

వకుళ రోజుకు ఆరుసార్లు సుంకులమ్మ ఇంటికి వెళ్లి సీసాతో గేదెపాలు పట్టేది. సుంకులమ్మ దానికి బుడ్డి అని పేరు పెట్టింది. రెండు రోజులైనా పిల్ల నీరసంగానే ఉందని, బలం వస్తుందేమోనని, వకుళ ఒక పూట బెల్లం కరిగించి పట్టింది. మధ్యాహ్నానికి పిల్లకు పారుడు పట్టి, నీళ్లలా విరేచనాలై, మెడ వేలాడేసింది. ఆమె దాన్ని గుడ్డలో చుట్టుకుని చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

చిదంబరయ్యగారు కాచి చల్లార్చిన నీళ్లలో గ్లూకోజు, చిటికెడు ఉప్పు కలిపి, చెంచాతో చుక్క చుక్కగా తాగించారు. సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచింది.

"దీని చిన్నపేగు లోపలంతా మఖమలు మీది నూగులా ఉంటుంది," అన్నారాయన. "ఆ నూగు కొసల మీద పాలలోని చక్కెరను తుంచే ఎంజైము పుట్టుకతోనే నిండుగా ఉంది. బెల్లాన్ని తుంచేది ఇంకా పుట్టలేదు. తుంచలేని తీపి పేగులోకి నీళ్లు లాగేస్తుంది."

"పాలూ తీపే, బెల్లమూ తీపే కదా అయ్యవారూ?"

"మనకు."

ఆ తర్వాత వకుళ పాలు తప్ప ఇంకేదీ పెట్టలేదు. బుడ్డి నిలదొక్కుకుంది. సీసా కనిపిస్తే చాలు, వీధి చివరినుంచి అరుచుకుంటూ వచ్చేది. తాగుతూ తాగుతూ కళ్లు మూసుకుని వణికేది. వకుళ దాని నుదుటి మీద చెయ్యి వేసి అలాగే కూర్చునేది. ఇంత ఆశగా తనకోసం ఎవరూ ఎదురుచూడలేదని ఒకసారి నాతో అంది. ఆమెకు పిల్లల్లేరు. భర్త పోయి తొమ్మిదేళ్లు.

నెల దాటాక బుడ్డి సుంకులమ్మ పెట్టే జొన్న సంగటి రుచి చూడడం మొదలుపెట్టింది. రెండు నెలలకు తొట్టిలో తలపెట్టి తింటోంది. అయినా వకుళ సీసా మానలేదు. పెరిగే పిల్ల కదా అని ఇంకొంచెం ఎక్కువే పట్టేది. మూడో నెలలో మళ్లీ పారుడు పట్టుకుంది. కడుపు ఉబ్బి, రోజంతా గుడగుడలు. వకుళ సీసాను మరిగించింది. గేదెను మార్చింది. పాలలో నీళ్లు కలిపింది. పిల్ల వీపు మీద ఎముకలు తేలాయి. సుంకులమ్మ పనికి వెళ్లడం మాని దాని పక్కనే కూర్చుంది.

"ఏం పెడుతున్నావు?" అని చిదంబరయ్యగారు అడిగారు.

"పాలే. దీన్ని బతికించినవే."

"ఎంత?"

"అడిగినంత."

ఆయన చెప్పారు. "మొదట్లో ఉన్న ఆ ఎంజైము వారం వారం తగ్గిపోతూ వచ్చింది. దాని స్థానంలో గింజల పిండినీ బెల్లాన్నీ తుంచేవి లేచాయి. ఎవరూ చెప్పకుండానే ఒళ్లు ఆ పని చేసుకుంది. ఇప్పుడు పాలు ఆపు."

"అది ఒప్పుకోదు అయ్యవారూ."

"అదా, నువ్వా?" అన్నారాయన.

మర్నాటి నుంచి సీసా లేదు. బుడ్డి వాకిట్లో నిలబడి అరిచింది. ఆ అరుపు మా వరండాదాకా వినిపించేది. వకుళ రెండోనాడు ఉండబట్టలేక వెళ్లింది. సుంకులమ్మ ఆమెను గోడ ఇవతలే పట్టుకుని ఆపింది.

"ముందుకు పోవాకు వకులమ్మా. నిన్ను సూస్తే సంగటి ముట్టదు."

"ఏడుస్తోంది."

"ఏడ్సనీ. నా కొడుక్కి పాలు మాన్పించినప్పుడు నేను గూడ వేపాకు నూరి పూసుకుంటి. వాడు రెండు దినాల్లో మర్సిపోయినాడు. నేనే నెల్లాళ్లు రొమ్ము పట్టుకోని ఏడ్సినా."

ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. అవతల అరుపులు ఎంతసేపటికో తగ్గాయి. తొట్టి కదిలిన చప్పుడైంది. తర్వాత సంగటి చప్పరిస్తున్న చప్పుడు. వకుళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వారానికి పారుడు కట్టింది. ఇరవై రోజులకు బుడ్డి వీపు నిండింది. పక్క ఇళ్ల పందులతో కలిసి కుంట గట్టు దాకా వెళ్లి దుంపలు తవ్వుకుంటోంది. సుంకులమ్మ ముఖంలో నవ్వు వచ్చింది. ఇది ఈనితే మందంతా మళ్లీ దీనినుంచే అంటోంది.

ఒకరోజు అందరం లేచి వెళ్లిపోయాక వకుళ వరండాలోనే ఉండిపోయింది. నేను చాపలు చుడుతున్నాను. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"బాగుపడింది అయ్యవారూ. ఇప్పుడు పాలు తాగితే దానికే కష్టం. సంగటి బాగా అరుగుతోంది, ఒళ్లు చేస్తోంది. అయినా ఇవాళ నేను కనిపించగానే నిండు తొట్టి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నా అరచేతులు రెండూ మూతితో తోసి తోసి వెతికింది. కడుపు నిండా తిని కూడా ఎందుకలా వెతుక్కుంటుంది?"

పందిపిల్ల వచ్చిన రోజు ఆమె అడిగినదానికి కూడా కలిపి చిదంబరయ్యగారు జవాబు చెప్పారు.

"పేగు ముందే ఎదుగుతుందమ్మా," అన్నారు. "ఆ సంగతి నోటికి ఆలస్యంగా తెలుస్తుంది."