సెలవు దొరికిన నలుగురు

వాగొడ్డుపాలెం ప్రాథమికోన్నత పాఠశాలలో పరాంకుశం అనే హెడ్మాస్టరు ఉండేవారు. మనిషి మంచివారే గానీ, నూటికి నూరు శాతం ఫలితాలంటే ఆయనకు మహా పిచ్చి. ఎవరు ఎదురుపడినా "మా బడిలో ఫెయిలన్న మాటే లేదు" అని మీసం దువ్వుకునేవారు. విని విని విసిగిపోయిన ఊళ్ళోవాళ్ళు ఆయన కనబడగానే సందు మార్చేసేవారు.

ఒకసారి మండల విద్యాధికారి సుభాషిణి గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. మాస్టారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. బడిలో ఉన్నది ఇరవై ఇద్దరు. అందులో నలుగురు చదువులో వెనకబడ్డారు. ముందురోజు సాయంత్రం ఆ నలుగురినీ పక్కకు పిలిచి, "రేపు మీకు సెలవు. ఇంటి దగ్గరే ఉండండి" అన్నారు. ముగ్గురు ఎగిరి గంతేశారు. ఏడో తరగతి నాగూర్‌బీ మాత్రం కదల్లేదు.

"మా నలుగురికేనా సార్?" అంది.

"ఆఁ, మీకే" అని మాస్టారు చూపు తిప్పుకున్నారు.

మర్నాడు సుభాషిణి గారు ఏది అడిగినా పిల్లలు గడగడా చెప్పేశారు. మాస్టారు ఉబ్బిపోయారు. అంతలో ఆమె లేచి తలలు లెక్కపెట్టారు.

"పద్దెనిమిది మందే ఉన్నారేమిటండీ? హాజరు ఇరవైకి తగ్గితే ఈ బడి మూసి, వాగవతలి బడిలో కలపమన్నారు. నేనొచ్చింది ఆ లెక్క కోసమే" అన్నారు.

మాస్టారి గుండె జారిపోయింది. వానాకాలం వాగు దాటించి పిల్లల్ని ఎవరు పంపుతారు? సగం మంది చదువు మానేస్తారు. "ఒక్క పావుగంట ఆగండి మేడం!" అని, చెప్పులైనా వేసుకోకుండా ఊళ్ళోకి పరుగెత్తారు.

నలుగురూ నాగూర్‌బీ ఇంటి అరుగు మీదే దొరికారు. ఆ పిల్ల మిగతా ముగ్గురినీ కూర్చోబెట్టి ఎనిమిదో ఎక్కం చెప్పిస్తోంది.

"సెలవిచ్చాను గదే, ఇదేంటి?" అన్నారు మాస్టారు రొప్పుతూ.

"ఇయ్యి నేర్చుకుంటే రేపన్నా రానిస్తారని సార్."

మాస్టారికి సిగ్గుతో తల వంగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రండమ్మా, బడికి పోదాం" అన్నారు.

"మేమొస్తే మీ నూటికి నూరు పోద్ది గదా సార్!"

"పోతే పోనీ తల్లీ. మీరు లేకపోతే బడే పోతుంది."

బడికి తిరిగొచ్చాక ఆయన దాచలేదు. "వీళ్ళను రావద్దన్నది నేనే మేడం" అని ఒప్పుకున్నారు. సుభాషిణి గారు నాగూర్‌బీకి పుస్తకం ఇచ్చారు. ఆ పిల్ల మూడుచోట్ల తడబడింది, కానీ పేజీ మొత్తం చదివింది.

"ఈ పిల్లకు చదువు వస్తోంది మాస్టారూ. రావాల్సింది మీకు ఓపిక!" అని నవ్వి, ఆమె హాజరు కాగితం మీద ఇరవై రెండు వేశారు.

ఆ ఏడు ఫలితాలు తొంభై శాతం దగ్గరే ఆగాయి. అయితే, బడి వదిలాక రోజూ గంటసేపు ఆ నలుగురితో కూర్చుంటున్న మాస్టారిని ఊరంతా చూసింది. జూన్ వచ్చేసరికి, అప్పటిదాకా పట్నం బస్సెక్కే పిల్లలు తొమ్మిది మంది వచ్చి వాగొడ్డుపాలెం బడిలో చేరారు.

నీతి: వెనకబడిన వాళ్ళను దాచేసి తెచ్చుకున్న పేరు నిలవదు, వాళ్ళను చెయ్యి పట్టుకుని నడిపిస్తేనే అందరూ ముందుకు వెళతారు.