గరుసు ఏరని పొద్దు

ఆ సాయంత్రం కుళ్లాయమ్మ చేతికున్న కెప్టెన్ పట్టీ విప్పి హాకీ కోచ్ మస్తాన్‌వలి సార్ ముందు పెట్టింది.

"ఇది ఈరమ్మకు కట్టండి సార్. ఆ పిల్ల ముందర నేనెంత?"

ఆమె ఉడుక్కుని అన్న మాట కాదది. ఈరమ్మకు పదహారేళ్లు. జట్టులోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ పిల్ల హాకీ కర్ర పట్టుకుందంటే గుంతకల్లులో దారిన పోయేవాళ్లు సైకిళ్లు దిగి చూసేవారు. బంతి కర్రకు అతుక్కుపోయినట్టు వచ్చేది. అంతకన్నా వింత, ఆమె బంతి వంక చూసేదే కాదు. తల ఎత్తి, ఎదురుగా చూస్తూ, గాలిలా పోయేది. చూస్తే ఒళ్లు జలదరించేది.

చిక్కంతా అక్కడే వచ్చింది. తోటి పిల్లలు కూడా ఆట మరిచి చూస్తూ నిలబడేవారు. మొన్న ఎదుటి జట్టు బంతి లాక్కుని వస్తుంటే అడ్డం పోవడానికి ఒక్కరూ కదల్లేదు. "పరిగెత్తండే!" అని కుళ్లాయమ్మ గొంతు చించుకుంటే, "ఈరమ్మ ఉంది కదక్కా" అన్నారు. ఆ మ్యాచ్ పోయింది. ఆదివారంది కూడా పోతే ఇక ఇంటికే.

సార్ పట్టీ తీసి జేబులో వేసుకున్నాడు.

"అట్లనే కట్టిద్దాంలేమ్మా. రేపొక్క పొద్దు గరుసు ఏరొద్దు, అంతే."

కుళ్లాయమ్మ ఉలిక్కిపడింది. ఆ మైదానంలో గడ్డిపోచ లేదు, ఉత్త గరుసు నేల. కెప్టెన్ అయిన నాటి నుంచి ఆమె అందరికన్నా ముందే వచ్చి, గంప పక్కన పెట్టుకుని, రాళ్లన్నీ ఏరి గట్టున పోసేది. ఎవరికీ చెప్పలేదు. సార్‌కు తెలుసని ఇప్పుడే తెలిసింది.

మర్నాడు ఈల మోగింది. ఈరమ్మ ఎప్పటిలాగే తల ఎత్తి బయల్దేరింది. నాలుగడుగులు వేసిందో లేదో బంతి రాయికి తగిలి ఎగిరిపడింది. పోయి తెచ్చుకుంది. మళ్లీ ఎగిరింది. ఈసారి తల దించుకుని, నేల వెతుక్కుంటూ, అందరిలాగే తడబడుతూ వచ్చింది. పిల్లలు తమ కళ్లను తాము నమ్మలేకపోయారు.

"ఏమ్మీ, ఏమైంది ఈ పొద్దు?" అన్నాడు సార్.

"గరుసు సార్. అక్క ఏరలేదు." ఈరమ్మ గాభరాగా కుళ్లాయమ్మ వైపు తిరిగింది. "ఏమక్కా, జొరం గాని వచ్చిందా?"

"నేను ఏరతానని నీకెట్ల తెలుసే?"

"ఒకనాడు పెందరాళే వచ్చి చూసినా. నువ్వు ఏరింటావనే కదక్కా, నేను కింద చూడకుండా ఆడేది!"

ఇన్నాళ్లూ తాను నోరు తెరుచుకుని చూసిన ఆ వింతలో తన చేతులు కూడా ఉన్నాయని కుళ్లాయమ్మకు తోచనే లేదు. పోయి గంప తెచ్చి వంగింది. ఈరమ్మ కర్ర పక్కన పడేసి ఆమెకు ఎదురుగా వంగింది. తర్వాత ఒకరి వెనక ఒకరు అందరూ వంగారు. చూస్తూ నిలబడినవాళ్లు ఒక్కరూ లేరు.

సార్ జేబులోంచి పట్టీ తీసి, రాళ్లేరుతున్న కుళ్లాయమ్మ చేతికే కట్టాడు.

"ఆ మూల గరుసు ఇంకా ఉందమ్మా" అన్నాడు.