అమావాస్యనాటి సుత్తి చప్పుడు

కోనవరం ఆస్థాన యోగి నిర్వికల్పస్వామి తాను మనసును జయించానని చెప్పుకునేవాడు. కంచరి వీధి సుత్తుల చప్పుడు తన ధ్యానాన్ని చెడగొడుతోందని ఆయన ఫిర్యాదు చేస్తే, వీధిని ఊరవతలికి తరలించమని రాజుగారు ఆజ్ఞ ఇచ్చారు. అంతదూరం వచ్చి బిందెలు కొనేవాళ్లెవరు? వీధి పెద్ద బ్రహ్మమ్మ నేరుగా సభకు వచ్చింది.

“స్వామీ, ఈ పొద్దున కూడా చప్పుడు వినబడిందా?”

“వినబడకేం! తెల్లారకముందే మొదలెట్టారు. ప్రాణాయామం సగంలో ఆపి లేచాను. రజోగుణం తప్ప మరొకటి ఎరగని జనం మీరు!”

బ్రహ్మమ్మ రాజుగారి వైపు తిరిగింది. “ప్రభూ, ఈ రోజు అమావాస్య. తాతల నాటినుంచీ అమావాస్యనాడు మా వీధిలో ఎవరూ సుత్తి పట్టరు. మనిషిని పంపి చూసుకోండి.”

వెళ్లిన భటుడు తిరిగొచ్చి, కొలుముల్లో బూడిద కూడా చల్లారి ఉందన్నాడు.

“మరి నేను విన్నదేమిటి?” అన్నాడు స్వామి.

“తమ మనసే, స్వామీ. మమ్మల్నంటే ఊరవతలికి పంపుతారు. దాన్నెక్కడికి పంపుతారు?”

రాజుగారు ఆజ్ఞ రద్దుచేసి, “ఏం కావాలో కోరుకో, బ్రహ్మమ్మా” అన్నారు.

“అడగడానికి రాలేదు ప్రభూ, చెప్పడానికొచ్చాను. సెలవిప్పించండి, రేపు బోలెడు పనుంది.”